ఆయన పేరు మీద పదకొండు బీడీలు

మా ఇంట్లో గోడ క్యాలెండరు ఖాళీగా ఉండదు. ప్రతి గడిలో ఏదో ఒకటి రాసి ఉంటుంది. గ్యాస్ సిలిండరు మార్చిన రోజు, వాన పడిన రోజు, ఆ వానకు నేల ఎన్ని అంగుళాల లోతు తడిసిందీ, గొర్రె ఈనిన రోజు, మా ఆయనకు బీపీ మాత్ర మొదలైన రోజు. బడిలో నేను చదివింది కన్నడం, ఏడో తరగతి దాకా. తెలుగు అక్షరాలు మా నాయన భజన పుస్తకం ముందు పెట్టుకొని నేర్చుకున్నాను. లెక్క మాత్రం ఏ భాషలో చేసినా ఒకటే వస్తుంది. అందుకని నాకు చిన్నప్పటి నుంచీ లెక్క మీద గురి.

ఆ గడుల కింది మూలన పెన్సిలుతో పెట్టిన చిన్న చుక్కలు కూడా ఉండేవి. ఒక గడిలో తొమ్మిది, ఒక గడిలో పదకొండు. ఇంటికి వచ్చినవాళ్ళు చూసేవాళ్ళు, పాల లెక్కో మరొకటో అనుకొని ఊరుకునేవాళ్ళు. అవి నేను తాగిన బీడీలు.

ఈ సంగతి రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. బీడీ తాగినందుకు కాదు. తాగి, ఆ తప్పును తీసుకుపోయి తాగని మనిషి మీద పెట్టినందుకు.

మొదటి బీడీ నా ముప్పై ఒకటో ఏట. శెనక్కాయ పీకుతున్న రోజులు. దవడ పన్ను పోటెత్తి చెంప వాచింది. కూలికి వచ్చిన ముసలామె ఒకతె తన బీడీ నా చేతికిచ్చి, "పొగ పంటి మీద పట్టు, మింగొద్దు" అన్నది. మూడు రోజులు పట్టాను. పోటు పోయింది, బీడీ పోలేదు. ముప్పై ఏడేళ్ళు ఉండిపోయింది.

దాచడం కష్టం కాలేదు. మా వాళ్ళు ఒకప్పుడు గొర్రెలు కాసినవాళ్ళు, సేద్యంలోకి వచ్చాక కూడా ఇంటి వెనక దొడ్డి తీసెయ్యలేదు. దొడ్డి పక్కన ఒక రాయి ఉండేది. దాని మీద కూర్చుని తాగేదాన్ని. ముప్పై నాలుగు గొర్రెల వాసనలో ఒక బీడీ వాసన ఎవరికి తెలుస్తుంది? కూలివాళ్ళకు ఆకువక్కతో పాటు బీడీలు ఇవ్వడం మా ఊళ్ళలో వాడుక. వాళ్ళ కోసం కొనేటప్పుడు ఒక కట్ట ఎక్కువ కొనేదాన్ని.

తరువాత మా చేనంతా సోలార్ పలకల కిందికి పోయింది. శెనక్కాయ విత్తడం లేదు, పీకడం లేదు. మేత బీళ్ళకు కంచె పడింది కాబట్టి గొర్రెల్ని అమ్మేశాం. రెండు ట్రిప్పుల్లో లారీ ఎక్కాయి. కూలివాళ్ళు లేరు కాబట్టి బీడీలు కొనడానికి సాకు లేదు. గొర్రెలు లేవు కాబట్టి వాసనకు మరుగు లేదు. పని లేదు కాబట్టి పొద్దు పోదు. బుద్ధి ఉన్నవాళ్ళు అప్పుడు మానేస్తారు. నేను పావగడ బస్టాండులో, ఎవరూ ఎరగని అంగడిలో కొనడం మొదలుపెట్టాను. రోజుకు ఆరు ఉన్నవి పదకొండు అయ్యాయి.

ఆ పలకలతో పాటే మా ఊరికి మెడికల్ షాపు వచ్చింది. అంతకు ముందు తలనొప్పి మాత్ర కావాలన్నా పావగడ పోవాల్సిందే. పలకలు కడిగే ఆడవాళ్ళు, సెక్యూరిటీ మనుషులు తిరిగే రోడ్డు పక్కన ఒక గది తీసుకొని ఒకాయన పెట్టాడు. నలభై ఏళ్ళుంటాయి, మడకశిర దిక్కు మనిషి. మందు చేతికిచ్చి ఊరుకునే రకం కాదు. పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని, తిండికి ముందా వెనకా అని కవరు మీద రాసి, రాసింది మనచేత తిరిగి చెప్పించుకునేవాడు. తేదీ కూడా వేసేవాడు. అందుకని నాకు ఆయనంటే గౌరవం.

మాఘమాసంలో ఒక సోమవారం దగ్గు మందు కోసం పోయాను. ఆయన సీసా తీయలేదు.

"పెద్దమ్మా, దీపావళి పోయినప్పటి నుంచి ఇది ఐదో సీసా. ఇంగ నేనియ్యను."

"దగ్గుకు కాకపోతే ఇంగ దేనికప్పా దగ్గు మందు?"

"దగ్గు యాడినుంచి వస్తాందో చూడకుండా తాగితే సీసాలోళ్ళకే లాభం. ఇంట్లో ఎవరన్నా బీడీ తాగుతారా? నీ చీర కొంగు వాసనొస్తాది, ఏమనుకోవద్దు."

"మా ఆయన తాగుతాడప్పా" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. అన్న తరువాత వెనక్కి తీసుకోవడానికి బోలెడు సమయం ఉంది, తీసుకోలేదు.

మా ఆయన సంగతి ఇక్కడ చెప్పాలి. మా కులదేవరకు ఒక పెట్టె ఉంది. దేవుని వస్తువులన్నీ అందులో ఉంటాయి. ఏడాదికొకసారి, ఉగాది తరువాత జాత్రలో, దాన్ని ఏటికి తీసుకుపోయి, ఇసుకలో చెలమ తీసి, ఆ నీళ్ళతో కడిగి తెస్తారు. పోను రాను నాలుగు మైళ్ళు. పెట్టె ఎత్తే మనిషి ఉపవాసంతో, చెప్పులు లేకుండా నడవాలి. అంతకన్నా ముఖ్యం, జన్మలో నోట్లో పొగ పెట్టినవాడు కాకూడదు. తాగి మానినవాడు కూడా పనికిరాడు. మా మామగారు ఎత్తారు. ఆయన తరువాత మా ఆయన ఇరవై రెండేళ్ళు ఎత్తాడు. ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఆయనకు అంతకు మించిన గొప్ప ఇంకొకటి లేదు. చేను పోయింది, గొర్రెలు పోయాయి, పెట్టె మిగిలింది.

మెడికల్ షాపాయన బయటి ఊరివాడు. ఈ పెట్టె సంగతి ఆయనకేం తెలుసు?

"దినానికి ఎన్ని తాగుతాడు?"

"పదకొండు."

"అందరూ పది, పదైదు అంటారు. నువ్వేంది పెద్దమ్మా, పదకొండు అంటాండావు?"

"నేను లెక్క మనిషినప్పా."

"మంచిదే. పొద్దున లేచినాక ఎంతసేపటికి మొదటిది?"

"మొగం కడుక్కోకముందే."

ఆయన నవ్వడం మానేశాడు. "అట్లయితే గట్టిగానే పట్టుకొనుండాది. పెద్దాయన్ని ఒకసారి పిలుచుకొని రా."

"రాడు. ఆయనకు సిగ్గు."

"సరే, సిగ్గుపడేవాళ్ళను ఇంట్లోవాళ్ళ ద్వారా మాన్పించినోళ్ళు ఉండారు. ముందు నువ్వు పావగడ సర్కారు ఆసుపత్రికి పోయి కఫం పరీక్ష చేయించుకో. ఆ పొగ నీ ఒంట్లోకి కూడా పోతాంది కదా."

పోయి చేయించుకున్నాను. క్షయ లేదన్నారు. తరువాతి సోమవారం నుంచి మా లెక్క మొదలైంది. ప్రతి సోమవారం పదిన్నరకు, షాపులో జనం పలచబడ్డాక పోయేదాన్ని. ఆయన ఒక పాత మందుల అట్ట మీద వారం వారం అంకె వేసుకునేవాడు. నేను నిజమే చెప్పేదాన్ని. అంకెలో ఒక్కటి కూడా అబద్ధం లేదు. మనిషే అబద్ధం.

మొదట నికోటిన్ గమ్ ఇచ్చాడు. బీడీలోని మత్తే కొంచెం అందులో ఉంటుందట, పొగ మాత్రం ఉండదట. తాగాలని మనసు పీకినప్పుడు ఒకటి నోట్లో వేసుకోవాలి. "ఇది చిన్న పవరుది. పెద్దది కావాలంటే డాక్టరు చీటీ రాయాల. ముందు దీంతో చూద్దాం" అన్నాడు. ఎలా నమలాలో కవరు మీద రాశాడు. నాకు నమలడం ఒకరు నేర్పేదేమిటి, యాభై ఏళ్ళుగా ఆకువక్క నములుతున్న దాన్ని అనుకున్నాను. కవరు చదవకుండా తాంబూలం నమిలినట్టు నమిలి, రసమంతా మింగాను. గొంతు మండింది, కడుపులో తిప్పింది, ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. సోమవారం షాపుకు పోయేసరికి మళ్ళీ ఒకటి నోట్లో ఉంది.

"మా ఆయనకు ఎక్కిళ్ళప్పా" అంటూ నేను ఎక్కిళ్ళు పెట్టాను.

"ఆయన ఎక్కిళ్ళు నీకొచ్చినాయే!" అని ఆయన నవ్వి, నీళ్ళ బాటిలు ఇచ్చాడు. "రసం మింగుతాండాడు. ఇది వక్క కాదని చెప్పు. నాలుగైదు సార్లు నమలాల, నోరు చురుక్కుమంటూనే చెంపలో పెట్టి ఊరుకోవాల. చురుకు తగ్గినాక మళ్ళా నమలాల. అరగంట వస్తాది. కాఫీ తాగిన ఎంటనే వేసుకోగూడదు."

ఆ రోజు ఇంటికి పోయి కవరు నాలుగుసార్లు చదివాను.

ఆయన అడిగే ప్రశ్నలు నాకు ఇష్టంగా ఉండేవి. "యాడ కూర్చోని తాగుతాడు?" అన్నాడొకసారి. దొడ్డి పక్కన రాయి మీద అని చెప్పాను. "ఆ రాయి మీద ఏదన్నా పెట్టెయ్. కూర్చునే చోటు లేకుంటే సగం ఆశ చస్తాది." ఇంటికి వచ్చి ఆ రాయి మీద కట్టెల మోపు పేర్చాను. "చేతికి పని కావాల. వేయించిన శెనగలు నాలుగు కొంగున కట్టుకోమను" అన్నాడు, అని, "కొంగున కాదు, జేబులో" అని దిద్దుకున్నాడు. ఆయనకు అప్పుడే ఎక్కడో అనుమానం తగిలి ఉంటుందా అని తరువాత అనుకున్నాను. తగిలినా పైకి అనలేదు. "మనసు పీకినప్పుడు ఐదు నిమిషాలు ఆగమను. ఐదు నిమిషాలు గడిస్తే అదే పోతాది. మళ్ళా వస్తాది, మళ్ళా పోతాది." ఐదు నిమిషాలంటే మూడు వందలు లెక్కపెట్టడం. అది నాకు చాతనైన పని.

పదకొండు తొమ్మిదయ్యాయి. తొమ్మిది ఏడు. ఏడు దగ్గర రెండు వారాలు నిలిచాయి. తరువాత నాలుగు. తరువాత రెండు, పొద్దున లేవగానే ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి. ఎనిమిదో సోమవారానికి ముందు వచ్చిన బుధవారం నాడు ఒక్కటి కూడా లేదు. గడిలో చుక్క పెట్టలేదు. పెన్సిలు పట్టుకొని కాసేపు నిలబడ్డాను. ఆ సోమవారం మెడికల్ షాపాయన అట్ట మీద సున్నా వేసి, దాని చుట్టూ ఇంకొక గీత గీశాడు. "పెద్దాయనకు నా నమస్కారం చెప్పు" అన్నాడు. చెబుతానన్నాను.

తొమ్మిదో సోమవారం మా ఆయన కూడా షాపుకు వస్తానన్నాడు. జాత్ర ఇంకా పదకొండు రోజులు ఉంది. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, పూత మందు కావాలి, నాలుగు మైళ్ళు నడవాలి కదా అన్నాడు. వద్దు, నేను తెస్తానంటే, "నొప్పి నాది, నేనే చెప్పుకుంటా" అన్నాడు. పదిన్నరకు బదులు తొమ్మిదికే బయలుదేరదీశాడు. ఆ వేళకు షాపు ముందు జనం ఉంటారు. ఉన్నారు. సెక్యూరిటీ పనికి పోయే ముగ్గురు, చక్కెర జబ్బు మాత్రలకు వచ్చిన మా కులపెద్ద. మా ఆయనకు ఆయన వరసకు అన్న, నాకు బావ.

మెడికల్ షాపాయన నా పక్కన మా ఆయన్ని చూశాడు. మొహం వెలిగింది. కౌంటరు తలుపు తీసుకొని బయటికే వచ్చాడు.

"పెద్దప్పా! నిన్ను సూడాలని రెండు నెలల నుంచి కాచుకోనుండా. భేష్! ముప్పై ఏడేళ్ళ అలవాటు, దినానికి పదకొండు బీడీలు, ఈ పొద్దుకు పన్నెండు దినాలైంది ఒకటి గూడ ముట్టక. నీ వయసులో ఇట్లా మానినోళ్ళను నేను సూడలేదు."

రెండు చేతులతో మా ఆయన చెయ్యి పట్టుకొని ఊపాడు. ఆ మనిషికి ఉన్న సంతోషం అంతా నిజమైనదే.

మా ఆయన నావైపు తిరిగాడు. కోపంగా చూడలేదు. గొర్రెలున్న రోజుల్లో మా మందలోకి పరాయి గొర్రె వచ్చి కలిస్తే, దాని చెవి గుర్తు చూసి ఎవరిదో ఆలోచించేవాడు. అలా చూశాడు. ఎంతసేపో లేదు.

"మా ఇంటామె లెక్క తప్పదప్పా. ఆ మోకాళ్ళ మందు ఇయ్యి" అన్నాడు.

కులపెద్ద బెంచీ మీద నుంచి లేచాడు. "ఏంది రా తమ్ముడూ ఇది? పెట్టె ఎత్తేవాని నోట్లో బీడీనా? ముప్పై ఏడేండ్లా?"

"పెట్టె నెత్తి మీద కదన్నా మోసేది, నోట్లో కాదు కదా" అన్నాడు పనికి పోయేవాళ్ళలో ఒకడు. మిగతావాళ్ళు నవ్వారు. కులపెద్ద నవ్వలేదు.

"బేస్తవారం గుడి కాడికి రా. అందరి ముందర మాట్లాడదాం."

మెడికల్ షాపాయన ఒకసారి ఆయన్ని, ఒకసారి మమ్మల్ని చూశాడు. ఏదో చెడిందని తెలిసింది కాని ఏమిటో తెలియలేదు. మందు కవరు మీద తేదీ వేయడం మరిచిపోయాడు.

నేను కౌంటరు పట్టుకొని నిలబడే ఉన్నాను. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. ఇది మొదటి అవకాశం.

రెండోది ఇంటికి నడిచి వచ్చేటప్పుడు. సోలార్ కంచె పక్కనే దారి. పలకల మీద ఎండ కొట్టి కళ్ళు చెదురుతున్నాయి. ఆయన ముందు, నేను వెనక. "ఎండ ఎక్కువగుండాది" అన్నాడు ఆయన. "ఊఁ" అన్నాను. ఇల్లు వచ్చింది.

గురువారం పొద్దున, పెట్టె కింద నెత్తి మీద పెట్టుకునే తెల్లగుడ్డ ఉతకమన్నాడు. ప్రతి ఏడూ జాత్రకు ముందు ఉతికేదే. సబ్బు పెట్టి ఉతికి, ఆరేసి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చాను. ఆయన అడిగాడంటే విషయం ఎలాగో సర్దుకుంటుందని నాకు ధైర్యం వచ్చింది. మూర్ఖురాలిని.

గుడి దగ్గర మగవాళ్ళు అరుగు మీద, ఆడవాళ్ళం కింద వెనకగా కూర్చున్నాం. కులపెద్ద నేరుగా అడిగాడు. "తాగినావా, లేదా? ఒక్క మాట చెప్పు."

"ఈ ఏడు ఇంగొకరు ఎత్తనీలే అన్నా. నాకు మోకాళ్ళు బాగలేవు."

"నేను మోకాళ్ళ మాట అడగలే. బీడీ మాట అడిగితి."

మా ఆయన తాగానని అబద్ధం చెప్పలేదు, తాగలేదని నిజమూ చెప్పలేదు. తాగలేదంటే పదకొండు బీడీలు ఎవరివని అడుగుతారు. ఇంట్లో ఉండేది ఇద్దరమే. చంకలో ఉన్న తెల్లగుడ్డ తీసి, మడత చెదరకుండా కులపెద్ద ముందు పెట్టాడు. నేను పొద్దున ఉతికింది అందుకని నాకు అప్పుడు తెలిసింది. మా ఆయన చిన్నాయన కొడుకును పిలిచి, గుడ్డ అతని చేతికి ఇచ్చారు.

నా పక్కన కూర్చున్న ఆమె, "ఇన్నేండ్లు ఎట్లా దాచినాడో సూడు, మొగోళ్ళను నమ్మేకి లేదు" అని నా చెవిలో అన్నది. నేను తల ఊపాను. అది మూడో అవకాశం. దాన్ని నేను తల ఊపడానికి వాడుకున్నాను. ఇప్పటికీ ఆ తల ఊపడమే గుర్తుకొస్తుంది. అబద్ధం కన్నా అదే నాకు ఎక్కువ సిగ్గు.

ఇంటికి వచ్చాక అడిగాను. "చెప్పుండొచ్చు కదా?"

"ఏమని? నేను కాదు, నా పెండ్లాము తాగుతాదనా?" కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు. "మొగోడు తాగితే తప్పంటారు, మూడు దినాలు మాట్లాడి మర్సిపోతారు. నిన్ను మర్సిపోరు."

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"గొర్రెలు అమ్మినప్పటి నుంచి. దొడ్డిలో గొర్రెలు లేవు, వాసన ఉండాది. క్యాలెండర్లో చుక్కలు సూసినా. ఏందబ్బా ఇవి అని నాలుగు దినాలు నీ ఎనకాల లెక్కబెట్టినా. సరిపోయినాయి."

"మరి అనలేదే?"

"అనేకి నువ్వు చిన్నపిల్లవా? ఈ మధ్య చుక్కలు తగ్గుతా వచ్చినాయి. సంతోషపడితి. నా పేరు పెట్టి తగ్గిస్తాండావని నాకేం తెలుసు."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు అన్నం దిగేది.

జాత్ర శుక్రవారం వచ్చింది. కొత్త మనిషి పెట్టె ఎత్తాడు. తొందరగా నడిచాడు. మా ఆయన ఎప్పుడూ నెమ్మదిగా, ఏటి దారిలో ఏ రాయి ఎక్కడుందో కాలికి తెలిసినట్టు నడిచేవాడు. ఈసారి జనంలో వెనక ఉన్నాడు. పెట్టె ఎత్తకపోయినా ఉపవాసం ఉన్నాడు, చెప్పులు విడిచాడు. ఎండకు ఇసుక కాలుతోంది. చెలమ దగ్గర పెట్టె దించేటప్పుడు ఆయన రెండు చేతులూ వాటంతట అవి కొంచెం పైకి లేచాయి. మళ్ళీ దించుకున్నాడు.

ఆ రోజు నాకు బీడీ కావాలనిపించినంతగా ముప్పై ఏడేళ్ళలో ఎప్పుడూ అనిపించలేదు. మూడు వందలు లెక్కపెట్టాను. మళ్ళీ మూడు వందలు. ఏటి నుంచి ఊరికి వచ్చేలోగా పద్నాలుగు సార్లు.

పదో సోమవారం షాపుకు పోలేదు. పదకొండో సోమవారం పోయాను, మామూలు వేళకే. ఎవరూ లేరు. "పెద్దప్ప ఎట్లుండాడు?" అని అడిగాడు ఆయన. ఆ రోజు నుంచి ఆయనకూ మనసులో నలుగుతూనే ఉంది. అంతా చెప్పాను, పెట్టె సంగతితో సహా. బీడీ నాదని ఒక మనిషితో నోరు విప్పి చెప్పడం నా జన్మలో అదే మొదటిసారి.

ఆయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. "ఎక్కిళ్ళు నీకొచ్చినప్పుడే నేను తెలుసుకోవాల్సింది. తెలియకపోయినా, నలుగురి ముందర ఒకరి సంగతి అరవకూడదు. చదువుకున్నోడిని, నాకా మాత్రం తెలియదా! సంతోషంలో నోరు జారింది. నేనొచ్చి మీ పెద్దకు చెప్తా పెద్దమ్మా."

"నువ్వు చెప్తే నేను చెప్పించినట్టయితాది. నేనే పోతా" అన్నాను.

"ఈ వారం లెక్క?" అన్నాడు లేచేటప్పుడు, మెల్లగా.

"సున్నా. ఇరవై ఆరు దినాలు."

అట్ట మీద పైన రాసుకున్న 'పెద్దాయన' అన్న మాట కొట్టేసి, 'పెద్దమ్మ' అని రాసి, కింద సున్నా వేశాడు. భేష్ అనలేదు. అననందుకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

అక్కడి నుంచి నేరుగా కులపెద్ద ఇంటికి పోయాను. అరుగు మీద ఆయన, ఇంకా నలుగురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆగితే మళ్ళీ పోలేనని నిలబడే చెప్పేశాను. "బావా, ఆ బీడీలు నావి. మా ఆయన జన్మలో ముట్టలేదు. మెడికల్ షాపులో నేను సిగ్గుపడి ఆయన పేరు చెప్పినా."

కులపెద్ద పెద్దగా నవ్వాడు.

"సూడండప్పా! మొగుని తప్పు నెత్తినేసుకునేకి ఎట్లా వచ్చిందో! ఇట్లాంటి ఆడోళ్ళుంటేనే సంసారాలు నిలబడేది."

"అట్ల కాదు బావా, నిజం చెప్తాండా."

"నిజమేలేమ్మా, నిజమే. మా ఇంట్లోదయితే నన్నే పోలీసులకు పట్టిచ్చుండేది" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. క్యాలెండరులో చుక్కలున్నాయని చెప్పాను. "పాలోనికి గూడ చుక్కలే పెడ్తారు" అన్నారు. ఎంత చెబితే అంత మెచ్చుకున్నారు. ఒకాయన పతివ్రత అన్నాడు. ఆ మాట వినేసరికి, నిలబడ్డ చోటే నేల చీలితే బాగుండుననిపించింది.

కులపెద్ద తన జేబులోంచి ఒక బీడీ, అగ్గిపెట్టె తీసి అరుగు అంచున పెట్టాడు. పెట్టె ఎత్తేవాడికే కట్టుబాటు, కులపెద్దకు లేదు. "నీదే అయితే ఇదో, తాగి సూపీ" అన్నాడు, పిల్లలతో ఆడినట్టు.

బీడీ చేతిలోకి తీసుకున్నాను. ముట్టించాలని కాదు, కాదని చెప్పాలనే తీసుకున్నాను. చెయ్యి నా మాట వినలేదు. రెండు వేళ్ళ మధ్య మెల్లగా తిప్పి ఆకు మెత్తబరిచింది. దారం కట్టిన వైపు గోటితో నొక్కి మూతి సరిచేసింది. నోటికి తీసుకుపోయి ఆ కొసలో ఒకసారి ఊది, రాలే పొడి పోగొట్టి, పెదవుల మూలకు పెట్టింది. ఎడమ చెయ్యి గాలికి అడ్డంగా దొన్నెలా ముడుచుకొని మొహం దగ్గరికి వచ్చింది. పుల్ల ఒక్కటే తక్కువ.

నవ్వు ఆగిపోయింది. వాళ్ళంతా తాగేవాళ్ళే. ఆ పని చూసి నేర్చుకుంటే వచ్చేది కాదని వాళ్ళకు తెలుసు. ఒకాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నోట్లో ఆకు రుచి తగిలింది. అగ్గిపెట్టె చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎంత దాకా లెక్కపెట్టానో నాకు గుర్తు లేదు, నా జీవితంలో గుర్తు లేని అంకె అదొక్కటే. బీడీ తీసి, అగ్గిపెట్టె మీద పెట్టాను.

కులపెద్ద దాన్ని వెంటనే తీసుకోలేదు. నావైపు చూడకుండా అన్నాడు. "వచ్చే ఏడు పెట్టె వానిదే. నువ్వింటికి పో."

మరుసటి ఏడు మా ఆయనే ఎత్తాడు, ఈ ఏడూ ఎత్తాడు. నడుమ ఒక ఏడు తప్పింది, అది నా చేతిలో తప్పింది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి మాట మార్చుకోవడం ఇప్పుడు తగ్గింది. పూర్తిగా పోలేదు. మెడికల్ షాపాయన కౌంటరు పక్కన ఒక తెర కట్టి, లోపల స్టూలు వేశాడు. ఎవరైనా ఆడమనిషి వచ్చి "మా ఆయనకప్పా" అంటే, సరే అని, మిగతా ప్రశ్నలు తెర వెనక అడుగుతాడట.

ఆ సోమవారం కులపెద్ద అరుగు దగ్గర నుంచి ఇంటికి వచ్చేసరికి మా ఆయన వాకిట్లో కూర్చుని మోకాళ్ళకు మందు రాసుకుంటున్నాడు. వార్త నాకంటే ముందు వచ్చింది. దగ్గరికి పిలిచి, ఒంగమని, నా నోటి దగ్గర వాసన చూశాడు.

"ముట్టించినావా?"

"లేదు."

"నోట్లో పెట్టుకున్నావంట."

"పెట్టుకున్నా. ముట్టించలే."

ఆయన సీసా మూత బిగించాడు. "పోయి రాసుకో అయితే" అన్నాడు.

లోపలికి పోయి పెన్సిలు తీసుకున్నాను. ముట్టించని బీడీకి చుక్క పెట్టాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. పెట్టలేదు. జాత్ర శుక్రవారం గడి ఆ రోజు దాకా ఖాళీగానే ఉంది. అందులో రాశాను, ఆయన ఎత్తలేదు, నా వల్ల.